కోరాపుట్ చలిలో పామ్ చెట్లు: అపోహలు - వాస్తవాలు

సాలూరు నుంచి ఘాటీ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ దాటి ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సునాబెడ చేరేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాం. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, ఘాటీ కిందకన్నా ఇక్కడ అయిదారు డిగ్రీలు తక్కువ. డిసెంబరు, జనవరిలో మబ్బులేని, గాలాడని రాత్రి వస్తే పల్లపు చేలల్లో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుతుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చి క్వార్టరు ముందు నాటిన పామ్ మార్చిలో చచ్చిపోతే అందరూ అనేది ఒకటే: "చలికి పోయింది." ఆ మాట సగమే నిజం.

అపోహ: పామ్ అంటే సముద్రతీరపు చెట్టు, చలి పడదు.

కొబ్బరిని చూసి పుట్టిన మాట ఇది. ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ కొండల్లో, పితోరాగఢ్ దగ్గర, 2000 మీటర్లకు పైన ట్రాకీకార్పస్ టకిల్ అనే పామ్ అడవిలో దానంతటదే పెరుగుతుంది. దాని దగ్గరి చుట్టం, చైనాకు చెందిన ట్రాకీకార్పస్ ఫార్చ్యూనీని 1849లో మొక్కలు సేకరించే రాబర్ట్ ఫార్చ్యూన్ ఇంగ్లండుకు పంపాడు. స్విట్జర్లాండ్ దక్షిణ కొసన తిచీనోలో ఇప్పుడది తోటలు దాటి అడవుల్లోకి పాకింది. అమెరికా ఆగ్నేయంలో పుట్టిన నీడిల్ పామ్ -20 డిగ్రీలను కూడా ఓర్చుకుంటుంది.

మన చెట్ల సంగతి: కొబ్బరి, అరెకా పామ్ సున్నా దగ్గరికి వచ్చేసరికే మట్టలు మాడుస్తాయి. కుండీల్లో పెంచే పొట్టి ఫీనిక్స్ రోబెలెని -2, -3 వరకు ఆగుతుంది. పొలం గట్టు మీది ఈతచెట్టు -5 దాకా పెద్దగా లెక్కచేయదు. డబ్బుపెట్టి కొనే ముందు గట్టు మీద ఏముందో ఒకసారి చూడండి.

అపోహ: లేబుల్ మీద -15 అని ఉంది, ఇక భయం లేదు.

ఆ అంకె వేళ్లూని, మాను కట్టిన చెట్టుది. మూడు మట్టల పిల్లమొక్కది కాదు. పైగా అది ఒక్క రాత్రి, పొడి చలికి చెప్పిన లెక్క. అదే చలి నాలుగు రోజులు వదలకుండా ఉన్నా, వానతో కలిసి వచ్చినా, నేల గడ్డకట్టి వేళ్లకు నీరందక గాలి మట్టల్ని ఆర్చేస్తున్నా చెట్టు అంతకన్నా ముందే పోతుంది.

అపోహ: చలి వెళ్లిపోయింది, మట్టలు పచ్చగానే ఉన్నాయి, గండం గడిచింది.

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. మామిడి కొమ్మ మాడితే పక్కనుంచి ఇంకో చిగురు వస్తుంది. ఒంటి మాను పామ్‌కు పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. చలికి మొవ్వులోని లేత కణాలు దెబ్బతింటాయి, పైకి ఏమీ కనిపించదు. మంచునీరో, వాననీరో అందులో నిలిచి, వాతావరణం కాస్త వెచ్చబడగానే బూజులు, బాక్టీరియా చేరతాయి. పాత మట్టలు నెలల తరబడి పచ్చగా నిలబడే ఉంటాయి, లోపల మొవ్వు కుళ్లిపోతుంటుంది. అందుకే చావు జనవరిలో కాక మార్చిలో బయటపడుతుంది.

జనవరి చివర నుంచి పది రోజులకోసారి, ఇంకా విచ్చుకోని నడిమి ఆకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. గట్టిగా ఉంటే సరే. ఊడి చేతికి వచ్చి, మొదలు గోధుమరంగులో మెత్తగా, కంపు కొడుతూ ఉంటే ఆ రోజే పని మొదలుపెట్టాలి. కుళ్లిన భాగాన్ని పదునైన కత్తితో తెల్లటి గట్టి కండ కనిపించేదాకా తీసేయండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీరు. చుట్టూ మట్టల మొదళ్లలోకి ఒక శాతం బోర్డో మిశ్రమం పోయండి. దానికి 100 గ్రాముల మైలుతుత్తాన్ని 5 లీటర్లలో, 100 గ్రాముల సున్నాన్ని ఇంకో 5 లీటర్లలో కరిగించి, రెండింటినీ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కలపాలి. పాత్రలు ప్లాస్టిక్‌వి గాని మట్టివి గాని కావాలి, ఇనుము పనికిరాదు. కలిపాక ఇనుప కత్తి ముంచి చూడండి. కత్తికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపండి. మిశ్రమం ఆ రోజే వాడేయాలి. ఆ తర్వాత వాన పడకుండా మొవ్వు మీద వెడల్పు మూతి కుండ బోర్లించి, కొత్త మొలక కనిపించేదాకా తీయకండి. జూన్ దాటేవరకు చెట్టును కొట్టేయొద్దు. పెరిగే చోటు బతికుంటే వేసవి వేడికి కొత్త ఆకు తోసుకొస్తుంది. మొదటి రెండు మూడు ఆకులు సగం తెగినట్టు, వంకరగా రావడం మామూలే.

అపోహ: పాలిథిన్ కవరు చుట్టేస్తే వెచ్చగా ఉంటుంది.

లోపల చెమర్చి, నీరు నేరుగా మొవ్వులోకి జారుతుంది. కవరు తగిలిన ప్రతి చోటా ఆకు మాడుతుంది. ఎండెక్కాక అదే కవరు లోపల ఉడకబెడుతుంది. గోనెసంచి, పాత దుప్పటి, వరిగడ్డి వాడండి. మట్టల్ని పైకి పోగుచేసి తాడుతో వదులుగా కట్టి, మొవ్వు చుట్టూ పొడి గడ్డి పెట్టి, పైన గోనె చుట్టి, తెల్లారి ఎండ రాగానే విప్పేయాలి. ప్లాస్టిక్ పెట్టక తప్పదంటే పైన గొడుగులా, మొక్కకు తగలకుండా.

మంచు కురిసే దేశాల్లో ఉన్న పిల్లలు అడిగితే చెప్పాల్సిందీ ఇదే, కాస్త పెద్ద ఎత్తున. నాలుగు కర్రలు, చుట్టూ థర్మోకోల్ లాంటి ఫోమ్ పలకలు, మంచు జారిపోయేలా వాలు కప్పు. లోపల మాను చుట్టూ థర్మోస్టాట్ ఉన్న హీటింగ్ కేబుల్, 3-5 డిగ్రీల దగ్గర పనిచేసేలా. ఎండ కాసిన రోజు పక్క పలక తెరిచి గాలి ఆడనివ్వాలి. అక్కడ కూడా కప్పు ముఖ్యోద్దేశం మొవ్వు పొడిగా ఉంచడమే.

అపోహ: దీపావళి సీరియల్ లైట్లు చుడితే వేడి వస్తుంది.

పాత ఫిలమెంటు బల్బులతో వచ్చేది. ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ ఎల్ఈడీలు. వెలుగే తప్ప చెప్పుకోదగ్గ వేడి ఉండదు.

అపోహ: రాత్రి పొగ పెడితే మంచు పడదు.

నేల నుంచి ఆకాశంలోకి పోయే వేడిని పొగ పెద్దగా ఆపలేదు. మంట ఇచ్చే వేడే కొంచెం పనికొస్తుంది. అదీ చిన్న చిన్న నెగళ్లు చాలాచోట్ల పెడితేనే. ఒక్కచోట పెద్ద మంట వేస్తే వేడిగాలి నిట్టనిలువుగా పైకిపోయి, చుట్టుపక్కల చల్లగాలిని లోపలికి లాగుతుంది. దీనికన్నా, మధ్యాహ్నం మొదట్లో నేలను బాగా తడపడం నయం. తడి నేల పగలు ఎక్కువ వేడి దాచుకుని రాత్రి వదులుతుంది. నీళ్లు మట్టల మీద, మొవ్వులో పడనివ్వకండి.

అపోహ: పసుపెక్కిన మట్టలు కోసేస్తే చెట్టుకు బలం.

పొటాష్ చాలనప్పుడు పామ్ పాత మట్టల నుంచి దాన్ని లాక్కుని కొత్త ఆకులకు పంపుతుంది. ఆ మట్ట కోస్తే తర్వాతి మట్ట పసుపెక్కుతుంది. అంతేకాక చలికాలంలో మొవ్వుకు ఉన్న దుప్పటి ఆ మట్టలే. పూర్తిగా ఎండాకే తీయండి. కాపుకొచ్చిన కొబ్బరికి సిఫారసు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్. పొటాష్ నత్రజనికి రెట్టింపు దాటి ఉందని గమనించండి. మనవాళ్లు చేసేది తలకిందులు: నవంబరులో యూరియా గుప్పిస్తారు, చెట్టు లేత ఆకు వేస్తుంది, సరిగ్గా ఆ లేత ఆకునే చలి పట్టుకుంటుంది.

అపోహ: మా జీలుగు చెట్టు చలికి ఎండిపోయింది.

జీలుగు, ఇక్కడి ఒడియావాళ్లు సలప అనేది, జీవితంలో ఒక్కసారే పూతకొచ్చే పామ్ చెట్టు. పైనుంచి కిందకి ఒక్కో కణుపు దగ్గర గెల వేస్తూ కొన్నేళ్లు గడిపి, అన్నిటికన్నా కింది గెల అయ్యాక చచ్చిపోతుంది. గెలలు మొదటికి దిగి ఉంటే తప్పు చలిది కాదు, వయసుది.

అపోహ: పేరులో పామ్ ఉంటే పామే.

తోటల్లో పెంచే సాగో పామ్ నిజానికి సైకాడ్ అనే, పూలు పూయని వేరే జాతి మొక్క, ట్రావెలర్స్ పామ్‌కు అరటితో దూరపు చుట్టరికం. స్కాట్లండ్‌లో ప్లాక్టన్ సముద్రపొడ్డున ఫొటోల్లో కనిపించే 'పామ్ చెట్లు' కూడా న్యూజిలాండ్ నుంచి వచ్చిన కార్డిలైన్‌లే, పామ్‌లు కావు.

అపోహ: కొన్నాళ్లుంటే ఏ మొక్కైనా చలికి అలవాటు పడుతుంది.

కొద్దిగా, అదీ మెల్లమెల్లగా చల్లబడితేనే. జాతి హద్దు దాటించలేం. డిసెంబరులో లారీ దిగిన కడియం మొక్కకు ఆ అవకాశమే ఉండదు. పామ్ వేళ్లు వెచ్చటి నేలలోనే కదులుతాయి. కాబట్టి జూన్ చివర, తొలి వానల్లో నాటితే చలి వచ్చేలోగా నాలుగైదు నెలలు దొరుకుతాయి. కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. పైన పది సెంటీమీటర్ల మందాన ఎండాకు పరవండి, మానుకు తగలకుండా జానెడు వదిలి. చల్లగాలి నీళ్లలా పల్లానికి జారుతుంది కాబట్టి పెరట్లో దిగువ మూల వదిలేసి, రాత్రి కూడా గోరువెచ్చగా ఉండే పడమటి గోడ పక్కన చోటు చూడండి. ట్రాకీకార్పస్ తెప్పించుకునేవాళ్లు మాత్రం ఆ గోడకు దూరంగా, సగం నీడలో నాటాలి. కోరాపుట్‌లో దానికి కష్టకాలం జనవరి కాదు, ఏప్రిల్, మే.