ఫిల్టర్ ట్యూబులో ప్రొటీన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్క స్పిన్‌తో ప్రొటీన్ చిక్కబడితే, ఉప్పు కూడా పోయినట్టే.

ఫిల్టర్ ట్యూబు అంటే సన్న రంధ్రాల పొర (మెంబ్రేన్) ఉన్న ట్యూబు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే (స్పిన్) నీళ్లు కిందికి దిగి, ప్రొటీన్ పైన మిగులుతుంది. ల్యాబుకి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది నమ్మేది పై మాటే. ఉప్పు, ఇమిడజోల్ (ప్రొటీన్‌ని శుద్ధి చేసేటప్పుడు వాడే రసాయనం) లాంటి చిన్న అణువులకు మెంబ్రేన్ అడ్డే కాదు, నీళ్లతో పాటే కిందికి దిగిపోతాయి, కాబట్టి పైన మిగిలిన ద్రవంలో వాటి గాఢత మారదు. ఇది పులుసు మరిగించడం కాదు, గంజి వార్చడం. గిన్నెలోకి వంపిన గంజి ఎంత ఉప్పగా ఉందో, అన్నంలో మిగిలిన తడీ అంతే ఉప్పగా ఉంటుంది.

లెక్క చూడండి. 500 మైక్రోలీటర్ల శాంపిల్‌ని 25 మైక్రోలీటర్లకు దించితే ప్రొటీన్ దాదాపు 20 రెట్లు చిక్కబడుతుంది. ఉప్పు గాఢత 500 మిల్లీమోలార్ ఉంటే 500గానే ఉంటుంది. ఉప్పు లేని బఫర్‌తో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) మళ్లీ 500 మైక్రోలీటర్ల దాకా నింపి తిప్పితే ఉప్పు 25 మిల్లీమోలార్‌కి, ఇంకోసారి చేస్తే 1.25కి వస్తుంది. నేనైతే అంత కిందికి దించను. ప్రతిసారీ 100 మైక్రోలీటర్లు మిగిల్చి మూడుసార్లు కడుగుతాను: ఉప్పు 100, 20, 4 మిల్లీమోలార్‌కి దిగుతుంది. ఒక స్పిన్ ఎక్కువైనా ప్రొటీన్ మెంబ్రేన్ దగ్గర ముద్దకట్టే భయం తక్కువ. కడగడానికి ఉత్త నీళ్లు మాత్రం వద్దు. ఉప్పు బొత్తిగా లేకపోతే విరిగిపోయే ప్రొటీన్లున్నాయి. చివరికి ఏ బఫర్‌లో కావాలో దానితోనే కడగండి.

అపోహ: 30 కిలోడాల్టన్ల ప్రొటీన్‌కి 30 కటాఫ్ ట్యూబు సరిపోతుంది.

కటాఫ్ అంటే మెంబ్రేన్ పైన ఆపగలిగే అణువు బరువు, కిలోడాల్టన్లలో. ఒకసారి పచ్చగా మెరిసే ప్రొటీన్ జీఎఫ్‌పీని 30 ట్యూబులో పోశాను. దాని బరువు సుమారు 27 కిలోడాల్టన్లు. స్పిన్ అయ్యాక చూస్తే కింది ట్యూబు పచ్చగా మెరుస్తోంది! రంగున్న ప్రొటీన్ కాబట్టి కనబడింది, రంగులేనిదైతే సింకులో పోసేసేదాన్ని. కటాఫ్ అనేది గీత గీసినట్టు ఉండదు. మీ ప్రొటీన్ బరువులో సగం, వీలైతే మూడో వంతు కటాఫ్ తీసుకోండి. మడత విప్పుకున్నవి, సన్నగా పొడుగ్గా ఉన్నవి ఇంకా సులువుగా జారిపోతాయి. జెల్‌లో (ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసి చూపే పరీక్ష) చూసుకునేదాకా కిందిది పారబోయకండి.

స్పీడ్ పెంచితే పని త్వరగా అవుతుందన్నది ఇంకో నమ్మకం. చిన్న 0.5 మిల్లీలీటర్ల ట్యూబులు మామూలుగా 14,000 జి వరకు తట్టుకుంటాయి. అది జి (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో), ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) కాదు. 8 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న రోటర్‌లో (ట్యూబుల్ని తిప్పే చక్రం) 14,000 ఆర్‌పీఎమ్ పెడితే దాదాపు 17,500 జి అవుతుంది. 15 మిల్లీలీటర్ల ట్యూబులకు స్వింగ్ రోటర్‌లో పరిమితి సుమారు 4,000 జి మాత్రమే. పైగా దిగడం నెమ్మదించడానికి చాలాసార్లు కారణం స్పీడ్ కాదు, మెంబ్రేన్ మీద పేరుకున్న ప్రొటీన్ పొర. ఐదేసి నిమిషాలు తిప్పి, మధ్యలో పైపెట్‌తో మెల్లగా కలపండి, టిప్పు మెంబ్రేన్‌కి తగలకుండా. 4 డిగ్రీల్లో ఎలాగూ నిదానమే, నీళ్లే చిక్కనవుతాయి కదా.

డిటర్జెంట్ కూడా చిన్న అణువే, పోతుందనుకుంటారు. విడివిడిగా ఉంటే పోతుంది. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ అణువులు మైసెల్‌గా (గుంపుగా) కూడితే దాదాపు 90 కిలోడాల్టన్లు, 30 ట్యూబులో ప్రొటీన్‌తో పాటే పైన చిక్కబడుతుంది.

కొత్త ట్యూబుని నేరుగా వాడొచ్చా అంటే, చాలా మెంబ్రేన్లలో కొంచెం గ్లిజరిన్ ఉంటుంది. ఒకసారి బఫర్‌తో తిప్పి, ఆరిపోకముందే శాంపిల్ పోయండి. ఆఖర్న ప్రొటీన్ ఎంతుందో చూడటానికి 280 నానోమీటర్ల కాంతిలో రీడింగ్ తీసేటప్పుడు బ్లాంక్‌గా (సున్నా గుర్తుగా), చివరి కడుగులో కిందికి దిగిన ద్రవాన్నే వాడండి, అందులో ప్రొటీన్ లేదని ముందు చూసుకుని. ఇమిడజోల్ మిగిలి కొంత కాంతిని పీల్చుకున్నా ఆ లెక్క దానంతటదే తీరిపోతుంది.