టోర్టోనా కొండలకు మళ్లీ వచ్చిన టిమొరాస్సో

ఇటలీలో బరోలో ఎర్ర వైన్‌తో పేరు తెచ్చుకున్న వియెత్తి, బొర్గోన్యో లాంటి సంస్థలు కొన్నేళ్లుగా టోర్టోనా చుట్టుపక్కల కొండల మీద భూములు కొంటున్నాయి. వాళ్లను అంత దూరం రప్పించింది టిమొరాస్సో అనే తెల్ల ద్రాక్ష. నలభై ఏళ్ల కిందట దాన్ని అడిగే నాథుడే లేడు.

ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతానికి ఆగ్నేయపు కొసన ఉన్న ఈ కొండల్లో ఒకప్పుడు తెల్ల ద్రాక్షంటే ముఖ్యంగా ఇదే. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు వేళ్ల రసం పీల్చి యూరప్ తోటలను నాశనం చేసింది. అమెరికా జాతి వేళ్ల మీద అంటు కట్టి తోటలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. అప్పుడు రైతు లెక్క చూసుకున్నాడు. టిమొరాస్సోకి పూత సరిగా నిలవదు, పిందె రాలిపోతుంది. ఒకే గుత్తిలో బటాణీ అంత కాయా ఉంటుంది, నిండుగా ఊరిన కాయా ఉంటుంది. తీరా పండాక కూడా రాలుతుంది. కోర్టెసే అనే ఇంకో తెల్ల ద్రాక్ష రకం అలా కాదు, నమ్మకంగా, దండిగా కాస్తుంది. ఇల్లు గడవాల్సిన మనిషి కోర్టెసే వేసుకుంటే తప్పు పట్టలేం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రాళ్లు ఫ్యాక్టరీ పనులకు నగరాలకు వెళ్లిపోయారు. టిమొరాస్సో పాత తోటల్లో అక్కడో తీగ, ఇక్కడో తీగగా మిగిలింది.

మోన్లెయాలే గ్రామంలో వాల్టర్ మాస్సా అనే రైతు తన తోటలో మిగిలిన కాయను వేరుగా కోయించి, 1987లో దానితోనే వైన్ చేశారు. కొత్తగా ఉన్నప్పుడు పులుపు గట్టిగా తగిలే వైన్ ఇది. సీసాలో కొన్నేళ్లు ఉంటే తేనె వాసన, రీస్లింగ్ అనే తెల్ల వైన్‌లో వచ్చేలాంటి పెట్రోల్ వాసన పైకొస్తాయి. తెల్ల వైన్‌ను ఏడాదిలోపే తాగేయాలనుకునే మార్కెట్‌లో ఇలాంటిదాన్ని అమ్మడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. అయినా ఆయన మళ్లీ తీగలు నాటారు, చుట్టుపక్కల రైతులు కొందరు వెంట నడిచారు.

ఆయన చేసిన ఇంకో పని నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. లేబుల్ మీద ద్రాక్ష పేరు బదులు, టోర్టోనాకు రోమన్ల కాలంలో ఉన్న డెర్తోనా పేరు వేయించారు. తీగను ఎవరైనా ఎక్కడైనా నాటుకోవచ్చు, ఊరి పేరు మాత్రం ఊరి వాళ్లదే. పెద్ద సంస్థలు డబ్బు సంచులతో దిగుతున్న ఈ రోజుల్లో చిన్న రైతు చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే.