‘నేచురల్’ క్రీము, ‘ఎకో’ రిసార్టు: వీటిని కొలిచిందెవరు?

కోనసీమలో దిండి, అంతర్వేది వైపు వెళ్తే రిసార్టు బోర్డు మీద ‘ఎకో’ అని ఉంటుంది, బ్యాగులో పెట్టుకెళ్ళిన సన్‌స్క్రీన్ క్రీము మీద ‘నేచురల్’ అని ఉంటుంది. దేంతో కొలిచి ఆ మాట రాశారని అడిగితే మాత్రం చాలా వెనక్కి వెళ్ళాలి.

క్రీముల్లో కనీసం ఎస్‌పీఎఫ్ అని, ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఒక అంకె ఉంది. ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ గ్రైటర్ దాన్ని ముందుకు తెచ్చాడు. మనిషి వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి, దీపం కింద చర్మం ఎర్రబడటానికి ఎంత కాంతి కావాలో చూస్తారు. అంత మందంగా ఎవరూ రాసుకోరనుకోండి. కడిగాక ఆ క్రీము ఎక్కడికి పోతుందన్నది చాలాకాలం పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2008లో ఇటలీ పరిశోధకులు సన్‌స్క్రీన్ వల్ల పగడాలు తెల్లబడుతున్నాయన్నారు, 2016లో ఆ క్రీముల్లో వాడే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడపు లార్వాలను దెబ్బతీస్తుందని ఇంకో పేపరు వచ్చింది. 2020లో పసిఫిక్ ద్వీపదేశం పలావు, 2021లో హవాయి అలాంటి క్రీముల అమ్మకం ఆపేశాయి. నిజం సముద్రంలో అంత మోతాదు ఉంటుందా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. ఈలోగా 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎండను అడ్డుకునే కొన్ని రసాయనాలు (ఫిల్టర్లు) రక్తంలోకి చేరుతున్నాయని చూపించి, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినే సురక్షితమైనవిగా ప్రతిపాదించింది. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని జరిగినట్టు కాదు, కానీ జనానికి టెన్షన్ పట్టుకుంది, ‘నేచురల్’కి గిరాకీ పెరిగింది.

అసలు గందరగోళం ఇక్కడే. 2010లో మన దేశం నుంచే వచ్చిన ఒక అధ్యయనంలో నూనెల ఎస్‌పీఎఫ్ 2 నుంచి 8 దాకా తేలింది, కొబ్బరినూనె పై వరసలో నిలిచింది. కోనసీమ వాళ్ళకి ఇంకేం కావాలి! కానీ ఆ నూనెను ఆల్కహాల్‌లో కలిపి గాజు గొట్టంలో కొలిచారు, చెమట పట్టే చర్మం మీద కాదు. బర్మా వాళ్ళు మొహానికి పూసుకునే థనకా అనే చెట్టు బెరడు కూడా ఇంతే. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు రోజూ చూసే ఉంటారు, బెరడును గంధంలా సాన మీద అరగదీసి రాసుకుంటారు. అందులోని మార్మెసిన్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది, అయితే అది ఒంటిని ఎంతసేపు కాస్తుందన్నది వేరే ప్రశ్న. కాస్త గట్టి ఆశ ఉన్నది ఎర్ర నాచులోనూ సయానోబ్యాక్టీరియాలోనూ దొరికే, ఎండను అడ్డుకునే షినోరిన్ లాంటి పదార్థాల మీద, 2010లో షినోరిన్ ఏ జన్యువులతో తయారవుతుందో తేల్చాక ల్యాబులో పెంచే దారి దొరికింది.

సహజమైతే చాలు సురక్షితమే అనుకునేవాళ్ళు కోరంగి మడ అడవిలో తిల్ల చెట్టు కొమ్మ విరిచి చూడాలి, ఆ పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఊడ్పుల్లో ఆడవాళ్ళు తొడుక్కునే మగవాళ్ళ పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నన్నడిగితే, ఈ క్రీములన్నిటికన్నా నమ్మకమైంది, పైగా గోదాట్లోకి ఏదీ వదలదు.

ఇక ‘ఎకో’. దానికి ఎస్‌పీఎఫ్ లాంటి ఒక్క అంకె లేదు. 2004లో ప్రపంచ పర్యాటక సంస్థ పర్యాటకాన్ని కొలిచే సూచికల పుస్తకం వేసింది, 2024లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం డబ్బు, జనం, ప్రకృతి మూడింటినీ కలిపి లెక్కగట్టే పద్ధతిని ఆమోదించింది. మన దగ్గర ఇంకా ఎక్కువగా వచ్చినవాళ్ళ తలల లెక్కే. గోదావరి కలిసేచోట నీళ్ళు బురదమయం, పగడాల గొడవ మనకి లేదు. మనం కొలవాల్సింది పడవల డీజిల్, మురుగు కాలువల్లోకి పోయే రిసార్టు నీళ్ళు, గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళు, ఉప్పునీటి ఊళ్ళలో అతిథులకి పోయే మంచినీళ్ళు, పడవ నడిపేవాడికి ఏడాదిలో దొరికే పనిరోజులు. 2027 పుష్కరాలకి ఎంతమంది మునిగారన్నది ఎలాగూ పేపర్లో వస్తుంది. మిగతావాటికి పుష్కరాల ముందరి అంకె రాసి పెట్టుకోకపోతే, తర్వాత ఎంత కొలిచినా దేంతో పోల్చాలో తెలీదు.