పిల్లల ఆర్ట్ క్లాసు: అపోహలు - వాస్తవాలు

ప్రైమరీ స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. ఒక చిత్రకారుడినో, ఒక ప్రాంతపు కళనో తీసుకుని ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలతో బొమ్మలు వేయించడం మా దగ్గర మామూలే. ఆ పని గురించి తోటి టీచర్లూ తల్లిదండ్రులూ నమ్మే కొన్ని మాటల వల్ల పిల్లలు చాలా పోగొట్టుకుంటున్నారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: గొప్ప చిత్రకారుడి బొమ్మను అచ్చంగా దింపితే ఆయన కళ వచ్చినట్టే.

వాస్తవం: దింపితే చేతికి కొంత సాధన అవుతుంది, కాదనను. కానీ ఆయన అలా ఎందుకు వేశాడో పిల్లలకు అందదు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్‌నే చూడండి. 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక నిలబడి రంగులు వేయడం ఆయనకు కష్టమైంది. సహాయకులతో కాగితాలకు రంగులు పూయించుకుని, కత్తెరతో ఆకారాలు కత్తిరించి వాటినే బొమ్మలుగా అమర్చారు.

నేను క్లాసులోకి తీసుకెళ్లేది ఆ పద్ధతినే. ఒక పీరియడ్‌లో పిల్లలు పాత కాగితాలకు రంగులు పూసి ఆరబెడతారు. తర్వాతి పీరియడ్‌లో పెన్సిళ్లన్నీ బ్యాగుల్లో ఉండాలి. ఆకైనా చేపైనా మబ్బైనా నేరుగా కత్తెరతోనే. "గీసుకుని కత్తిరిస్తాం టీచర్" అని బతిమాలుతారు, ఒప్పుకోవద్దు. మలుపు తిరగాలంటే కత్తెరను కాదు, కాగితాన్ని తిప్పాలని కాసేపటికి వాళ్లే కనిపెడతారు. ఆకు కత్తిరించాక మిగిలిన ముక్కను కూడా పారేయనివ్వకండి, అందులో ఆకు ఆకారంలో ఖాళీ ఉంటుంది. చివరికి వచ్చేది మతీస్ బొమ్మలా ఉండదు. ఉండాల్సిన పనీ లేదు.

అపోహ: వార్లీ అంటే త్రిభుజాలు, గీతల మనుషులు. అరగంట పని.

వాస్తవం: వార్లీలు మహారాష్ట్రలోని పాల్ఘర్, ఠాణే ప్రాంతాల ఆదివాసులు. మట్టి గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, కొస నమిలి కుంచెలా మెత్తబరిచిన వెదురు పుల్లతో వేస్తారు. పెళ్లికి ఇంటి గోడ మీద ఆడవాళ్లు వేసే చౌకులో, అంటే చతురస్రపు బొమ్మలో, పాలఘాట అనే దేవత ఉంటుంది. ముగ్గులు చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి చెబితే ఇట్టే అందుకుంటారు.

ఇక బొమ్మలోని కీలకమంతా నడుము దగ్గరే ఉంది. మనిషి ఒళ్లుగా వేసే రెండు త్రిభుజాల కొసలు కలిసే చోట పైదాన్ని కాస్త పక్కకు వంచితే మనిషి నాటు వేస్తాడు, బరువు మోస్తాడు, పరుగెత్తుతాడు. అందుకే ముందు పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి వంగమంటాను, బిందె ఎత్తినట్టు నిలబడమంటాను. ఒకరినొకరు చూసుకున్నాకే కాగితం ఇస్తాను. తమ వీధిలో కనబడే పనులనే వేయమంటాను.

అపోహ: జానపద కళకు ఊరి పేరే తప్ప మనిషి పేరు ఉండదు.

వాస్తవం: పికాసో పేరు చెప్పి వార్లీ దగ్గరికి వచ్చేసరికి "అక్కడి ప్రజలు" అనేయడం అన్యాయం. వార్లీ బొమ్మను గోడ మీద నుంచి కాగితం మీదికి తెచ్చినవారిలో ముఖ్యుడు జీవ్యా సోమా మషే. ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రానికి వచ్చి గోండు చిత్రాలకు కొత్త దారి వేశారు. గోండు చిత్రకారులు బొమ్మ లోపల నింపే చుక్కలు, గీతలు ఎవరివి వారివే. అలాంటప్పుడు పిల్లలందరికీ ఒకే ప్రింటవుట్ ఇచ్చి రంగులు నింపమంటే ఎలా? ప్రతి ఒక్కరూ తమ సొంత గుర్తు ఒకటి కనిపెట్టుకుని దాంతోనే జింకనో చెట్టునో నింపాలి.

అపోహ: "ఆఫ్రికన్ మాస్క్" ప్రాజెక్టు ఎప్పుడైనా చేయించొచ్చు.

వాస్తవం: ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి. అది ఎవరి మాస్క్, ఎప్పుడు పెట్టుకుంటారు అన్నది టీచర్‌కే తెలియకపోతే ఆ పాఠం పక్కన పెట్టడమే మంచిది.

అపోహ: చేర్యాల నకాషీ బొమ్మలు చిన్నపిల్లలకు మించిన పని.

వాస్తవం: ఇవి తెలంగాణలోని చేర్యాలలో పొడవాటి గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసే పటాలు. ఆ నగిషీ కష్టమే, కథ నడిపే తీరు మాత్రం కాదు. ఎర్రటి నేపథ్యం మీద ఒకదాని కింద ఒకటిగా దృశ్యాలుంటాయి. కథకుడు పటం చూపిస్తూ కథ చెబుతాడు. కూనపులి వారనే కథకులు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాగే. మూడో తరగతి పిల్లలకు పొడవాటి కాగితం ఇచ్చి, నాయనమ్మ చెప్పిన ఏదో ఒక సంగతిని నాలుగు అంతస్తులుగా వేసి, వేలు పెట్టి చూపిస్తూ చెప్పమనండి. చెప్పే భాగం వదిలేస్తే అది పటం కాదు, వట్టి బొమ్మల వరుస.

అపోహ: ఖరీదైన రంగులు లేకపోతే ఏమీ చేయలేం.

వాస్తవం: పసుపు, ఎర్రమట్టి, బొగ్గు చాలు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవంతో నల్ల గీత గీస్తారు. కరక్కాయలోని వగరుకు ఇనుము తగలగానే గీత నల్లబడుతుంది. చిక్కటి టీ డికాషన్ పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పు మేకులు కొన్ని రోజులు ఊరిన వెనిగర్‌తో గీస్తే క్లాసులోనూ ఇదే జరుగుతుంది. ఊరబెట్టే పని టీచరే ముందుగా ఇంట్లో చేసుకోవాలి, పిల్లలకు పుల్లా గుడ్డా ఇస్తే సరిపోతుంది. ఆ రోజు పాత చొక్కాలు వేసి పంపమని ఇళ్లకు కబురు పెట్టండి, ఆ మరక ఉతికినా పోదు.