తుంటి పక్కన నొప్పా? బర్సైటిస్ గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: తుంటి నొప్పి అంటే కీలు అరిగిపోయినట్టే

ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ భయంతోనే వస్తారు. నేను ముందు నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమంటాను. కీలు అరుగుదలైతే ఎక్కువగా గజ్జల్లో చూపిస్తారు, సాక్స్ తొడుక్కోడానికి కాలు పైకి లేపడమే కష్టంగా ఉంటుంది. బర్సైటిస్ ఉన్నవాళ్ళ చెయ్యి నేరుగా తుంటి పక్కకి, బయటికి గట్టిగా తగిలే ఎముక మీదికి పోతుంది, అక్కడ కాస్త నొక్కితే చాలు ఉలిక్కిపడతారు. ఆ ఎముకకీ పైనున్న కండకీ మధ్య రాపిడి లేకుండా బర్సా అని చిన్న నీటి సంచి ఉంటుంది, అది వాచడమే బర్సైటిస్. అలా వాచిందంటే ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, మెట్లెక్కలేరు, చాలాసేపు కూర్చుని లేచాక మొదటి నాలుగడుగులూ కుంటుకుంటూ వేస్తారు. ఎక్స్‌రే చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది, అంతమాత్రాన ఇంట్లోవాళ్ళు "ఏం లేదన్నారుగా" అని కొట్టిపారేయొద్దు, ప్లీజ్.

అపోహ: కాల్లోకి దిగుతోంది కాబట్టి సయాటికానే

బర్సైటిస్ నొప్పి కూడా తొడ బయటివైపు నుంచి మోకాలి దాకా దిగుతుంది. మోకాలు దాటి పాదం దాకా పోయి తిమ్మిర్లు కూడా ఉంటే అప్పుడు సయాటికాని, అంటే నడుం దగ్గర నరాన్ని అనుమానించాలి.

అపోహ: ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే అయిపోతుంది

స్టెరాయిడ్ ఇంజెక్షన్ తప్పని అనను, రాత్రుళ్ళు నిద్రే లేనివాళ్ళకి కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది. కానీ పేరుకి బర్సైటిస్ అంటున్నాం గానీ చాలామందిలో అసలు గొడవ పిరుదు కండల్ని ఆ ఎముకకి కట్టే టెండన్లలో ఉంటుంది, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ళలో. 2018లో ఆస్ట్రేలియాలో 204 మంది మీద జరిగిన ట్రయల్‌లో కూడా ఎనిమిది వారాలకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే జాగ్రత్తలు నేర్పి వ్యాయామం చేయించినవాళ్ళే ఎక్కువమంది మెరుగయ్యారు.

అపోహ: బాగా సాగదీస్తే పోతుంది

కాలు అడ్డంగా లాగి చేసే స్ట్రెచ్‌లు ఆ టెండన్‌ని ఎముక మీద ఇంకా నొక్కేస్తాయి. కాలు మీద కాలేసుకుని కూర్చోవడం, బస్టాపులో ఒక కాలి మీదే బరువేసి ఒరిగి నిలబడటం కూడా అంతే, ముందు ఇవి మానండి. నొప్పి లేని పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. నడక మొత్తం ఆపక్కర్లేదు, కాస్త తగ్గించండి, కండ బలం పెంచే ఎక్సర్‌సైజులు ఎవరైనా ఫిజియో దగ్గర నేర్చుకుని చెయ్యండి, వారాలు పడుతుంది, మధ్యలో వదిలెయ్యకండి.

కిందపడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరంతో పాటు తుంటి దగ్గర ఎర్రగా వేడిగా వాచినా ఇవేవీ చేస్తూ కూర్చోవద్దు, అదేరోజు డాక్టర్‌కి చూపించండి.