అద్దెకూ పర్సంటేజ్‌కూ మధ్య గోదావరి సినిమా హాళ్ళు

పెద్ద సినిమాకు హాలును వారం అద్దెకివ్వాలా, కలెక్షన్లో పర్సంటేజ్ మీద ఇవ్వాలా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. 2025 మేలో ఇదే గొడవ, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామనే దాకా వెళ్ళింది. అప్పుడు చర్చంతా హాళ్ళను గుప్పిట్లో పెట్టుకున్నారని అంటున్న ‘ఆ నలుగురు’ ఎవరు, పవన్ కల్యాణ్ సినిమాకు అడ్డం పడాలని చూసిందెవరు అన్నదాని మీదే నడిచింది. ఉప ముఖ్యమంత్రిగా ఉన్న ఆయన కార్యాలయం ఘాటుగా ప్రకటన ఇచ్చింది. సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ విచారణకు ఆదేశించారు. నిర్మాతలు వరసగా ప్రెస్‌మీట్లు పెట్టారు. పర్సంటేజ్ మాట మొదట ఎత్తింది తూర్పు గోదావరి ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు. వాళ్ళు అసలేం అడిగారో ఆ హడావుడిలో ఎవరికీ పట్టలేదు.

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. పెద్ద సినిమాకు మొదటి వారం డిస్ట్రిబ్యూటర్ హాలుకు అద్దె కట్టి, టికెట్ల మీద వచ్చిందంతా తీసుకుంటాడు. జనం పల్చబడ్డాక లెక్క పర్సంటేజ్‌లోకి మారుతుంది. హాలు నిండిన రోజుల్లో యజమానికి అద్దె, ఖాళీగా ఉన్న రోజుల్లో వాటా అన్నమాట. మల్టీప్లెక్సులకు మాత్రం మొదటి ఆట నుంచే వాటా ఇస్తున్నారు. మాకూ అలాగే ఇవ్వండి అన్నారు వీళ్ళు.

అద్దె పద్ధతి మొదటి నుంచీ అన్యాయమైనదేం కాదు. అది ఎప్పుడు చెడిందో చూడాలి. టూరింగ్ టాకీసుల ముచ్చట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. రీళ్ళ కాలంలో ప్రింట్లు తక్కువ. సినిమా ముందు రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి చోట్ల ఆడేది. అక్కడ ఊపు తగ్గాక ఆ ప్రింటే కోనసీమ లోపలి ఊళ్ళకు, డెల్టా చివరి పల్లెలకు వచ్చేది. ఒక్కోసారి ఒకే ప్రింటుతో పక్కపక్క ఊళ్ళలో ఆట నడిచేది. ఈ హాల్లో ముగిసిన రీలు డబ్బాను సైకిలు మీదో మోపెడ్ మీదో అవతలి హాలుకు పరుగున చేర్చేవారు. చిన్న హాలుకు సినిమా ఆలస్యంగా వచ్చినా, వచ్చాక నిలబడేది. జనం నెల రోజులపాటు కొద్దికొద్దిగా వస్తుంటే వారం అద్దె అనేది ఇద్దరికీ సరిపోయే ఏర్పాటు.

2005 తర్వాత రీలు లేకుండానే సినిమా వేసే క్యూబ్, యూఎఫ్‌ఓ వంటి డిజిటల్ పద్ధతులు వచ్చి దీన్ని తిరగేశాయి. ప్రింటు ఖర్చు పోవడంతో సినిమా అన్ని ఊళ్ళలో ఒకేరోజు పడింది. రాజోలు ప్రేక్షకుడు రాజమండ్రితో పాటే మొదటి ఆట చూశాడు. అది నిజంగా సంతోషించాల్సిన విషయమే. కానీ నెల రోజుల కలెక్షన్ మొదటి మూడు నాలుగు రోజుల్లోకి కుదించుకుపోయింది. ఆదాయం వచ్చే తీరు మారినా అగ్రిమెంటు మారలేదు. ఇవాళ్టి తగాదా మొత్తానికి మూలం ఇదేనని నా నమ్మకం. డిజిటల్ చార్జీల మీద 2018 మార్చిలో నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపి మరీ పోరాడారు. తమ ఖర్చు గురించి వాళ్ళకున్న పట్టుదల హాలు యజమాని వాటా దగ్గరకొచ్చేసరికి కనబడదు.

డిస్ట్రిబ్యూటర్ల వాదన కూడా ఉంది. సినిమాను కోట్లు పోసి కొనేది తామేనని, ఆడకపోయినా అద్దె ఆగదని, క్యాంటీను, పార్కింగు డబ్బులు యజమానికే పోతాయని అంటారు. క్యాంటీను సంగతి నిజమే. అయితే హాల్లో జనం ఉంటేనే సమోసా అమ్ముడవుతుంది. కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం మాత్రం ఆట ఖాళీగా నడిచినా కట్టాల్సిందే.

ఇక టికెట్ ధరల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్లో ఇచ్చిన జీవో 35. పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్ళకు టికెట్ 5, 10, 15 రూపాయలని ఖరారు చేసింది. అప్పటికే కరోనాతో కుంగిన హాళ్ళు ఆ ధరలకు నడపలేక ఆ డిసెంబరులో కొన్ని చోట్ల తలుపులు వేసేశాయి. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చి కనీస ధర 20 రూపాయలైంది. ఆ తర్వాత పెద్ద సినిమాలకు రేటు పెంచుకునే అనుమతులూ వచ్చాయి. ఆ పెంపుపై మాటలు పడింది టికెట్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు. అద్దె లెక్కలో నడిచే వారంలో పెరిగిన ఆ రూపాయి హాలుకు చేరేది కాదు. ఈలోగా చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలోకి రావడం మొదలైంది. అంటే పర్సంటేజ్ మొదలయ్యే సమయానికి పంచుకోవడానికి మిగిలేదే తక్కువ.

2025లో మూసివేత ఆలోచన విరమించుకున్నాక ఫిల్మ్ ఛాంబర్ ఈ సమస్య మీద కమిటీ వేసింది. ఎగ్జిబిటర్లు దాని ముందుంచిన మాటే ఇప్పటికీ అడుగుతున్నారు: మొదటి వారం నుంచే వాటా ఇవ్వాలి. సంక్రాంతికి ఊళ్ళన్నీ బంధువులతో కిటకిటలాడే ఆ నాలుగు రోజుల కలెక్షన్లో రావులపాలెం హాలుకూ పాలకొల్లు హాలుకూ ఎంత దక్కాలన్నది తేలాల్సి ఉంది.