డొక్కలెగరేసే జబ్బు: పొయ్యి దగ్గర కొంత, పళ్లెం దగ్గర కొంత

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పత్తికట్టె, కందికట్టె మోపులు కట్టి ఇంటి వెనక నిలబెట్టుకోవడం మామూలే. వంటకు గ్యాస్ సిలిండర్ ఉన్న ఇంట్లో కూడా స్నానాల నీళ్లు కాగేది చాలాచోట్ల ఆ కట్టెల మీదనే. చలికాలం పొద్దున ఆ పొయ్యి పక్కనే తల్లి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు పోశాక తల ఆరడానికి సాంబ్రాణి పొగ పడుతుంది. సూర్యుడు పైకి రాకముందే ఆ బిడ్డ రెండుసార్లు పొగ పీల్చినట్లే.

ఈ పొగలో 2.5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి తిత్తుల దాకా వెళ్తాయి. సూక్ష్మజీవులను బయటికి నెట్టే శ్వాసనాళాల నూగును, వాటిని మింగే రక్షక కణాలను పొగ మందగింపజేస్తుంది. అప్పుడు క్రిములు నిలదొక్కుకుని, తిత్తులు చీముతో, నీరుతో నిండితే అదే న్యుమోనియా. మన పల్లెల్లో డొక్కలెగరేయడం అనేది చాలావరకు దీన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 7.4 లక్షల మంది దీనితో చనిపోయారు.

అయితే పొయ్యి మారిస్తే చాలుననుకోవడం తొందరపాటే. గ్వాటెమాల, పెరూ, రువాండాలతో పాటు తమిళనాడులోనూ జరిగిన ఒక పెద్ద పరిశోధనలో గర్భిణులకు గ్యాస్ పొయ్యిని, గ్యాస్‌ను ఉచితంగా ఇచ్చి, బిడ్డకు ఏడాది నిండేదాకా కొనసాగించారు. ఇంట్లో పొగ బాగా తగ్గింది గాని, 2024లో వెలువడిన ఫలితాల్లో శిశువుల తీవ్ర న్యుమోనియా మాత్రం తగ్గినట్లు తేలలేదు. దీన్నిబట్టి పొగ మంచిదని కాదు. బిడ్డ ఒంట్లో సత్తువ ఎంతుందన్నది కూడా చూడాలని నా అభిప్రాయం.

తిండి చాలని బిడ్డలో రోగనిరోధక కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కఫాన్ని దగ్గి బయటికి తెచ్చే కండరాలకు బలముండదు. రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు ఈ ఇబ్బంది మొదటి రోజు నుంచే ఉంటుంది. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే ఇంట్లో, తల్లి ఇచ్చే తొలి రక్షణ నేలపాలవుతుంది. ఆరు నెలలు నిండాక పెట్టే పప్పుకట్టు పలుచగా ఉంటే కడుపు నిండుతుంది గాని బలం రాదు. ముద్దపప్పు, కాస్త నూనె, గుడ్డు కావాలి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ఇంటిల్లిపాదీ పంచుకుంటే చిన్నదానికి మిగిలేది రెండు చెంచాలే.

బతుకుదెరువుకు వలసపోయే పాలమూరు కుటుంబాల్లో ఒకే రేకుల గదిలో ఆరుగురు పడుకోవడం, అందులో ఒకరు బీడీ తాగడం, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు పడిన న్యుమోకాకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక రకం క్రిమిని అడ్డుకునేది) తొమ్మిదో నెలలో తప్పిపోవడం కూడా ఈ లెక్కలోవే.

జబ్బును పట్టుకోవడానికి గడియారం చాలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపైతే 60, ఏడాది లోపైతే 50, ఐదేళ్ల లోపైతే 40, లేదా అంతకు మించితే అదే రోజు దవాఖానకు తీసుకుపోవాలి. ఊపిరి తీసినప్పుడు డొక్క లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్కపెడుతూ కూర్చోకూడదు. పసరు పోయడానికో, వాతలు పెట్టించడానికో వెళ్లే సమయం అసలే కాదు.